రజియా మేడం తీసేసిన పెన్ను

స్టాంప్ ప్యాడ్ మూత తీయగానే ఊదారంగు సిరా వాసన గుప్పుమంది. మా జిన్నారం వైపు గాలిలో వాసనలకు కరువు లేదు. గాలి ఏ దిక్కు నుంచి వీస్తే ఆ దిక్కు ఫ్యాక్టరీ ముందు పలకరిస్తుంది. అయినా మండల ఆఫీసు వెనక గదిలో, కిటికీలు మూసి ఉన్న ఆ ఉదయం, అన్నిటికంటే ముందు ఈ సిరా వాసనే నా ముక్కుకు తగిలింది. బొటనవేలితో ప్యాడ్ తడి చూశాను. అలా చూడాలని నేర్పింది రజియా మేడం. ఎండిన ప్యాడ్‌తో వేస్తే ముద్ర సగమే పడుతుందని, సగం ముద్ర పడితే సగం ఓటన్నా మిగలదని ఆమె అనేవారు. వేలికి అంటిన రంగును చీర కొంగుకు తుడవబోయి, ఆమె ఉంటే తిట్టేవారని గుర్తొచ్చి కాగితానికి తుడిచాను.

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. పోలింగ్ రోజున వేరే ఊళ్లలో డ్యూటీ పడ్డ టీచర్లు, అంగన్‌వాడీ వాళ్లు, పంచాయతీ కార్యదర్శులు తమ ఊరికి పోయి ఓటు వేయలేరు. అందుకని ముందే ఈ గదికి వచ్చి పోస్టల్ ఓటు వేసి వెళతారు. నేనిప్పుడు హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌ని. నా సంతకానికి గెజిటెడ్ హోదా ఉంది కాబట్టి వాళ్ల డిక్లరేషన్ల మీద సంతకం చేయడానికి నన్ను ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇది రజియా మేడం కూర్చున్న బల్ల. ఒక కాలు ఇప్పటికీ పొట్టిదే. దాని కింద అట్ట మడిచి పెట్టింది కూడా ఆమే అయి ఉంటుంది.

రజియా మేడం ఈ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేశారు. కాపురం ఇస్నాపూర్‌లో. ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయే కుర్రాళ్ల మధ్య షేర్ ఆటోలో ఇరుక్కుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చేవారు. ఆఫీసులో అడుగు పెట్టగానే మంచి చెప్పులు విప్పి బల్ల కింద పెట్టి రబ్బరు చెప్పులు తొడుక్కునేవారు. వరండాలో ఆ చెప్పుల చప్పుడు వినిపిస్తే సెల్‌ఫోన్లు జేబుల్లోకి పోయేవి. ఆమెను మంచి మనిషని అందరూ అంటారు గానీ మెత్తని మనిషని ఎవరూ అనరు. టీ చల్లారితే అటెండర్ మీద విసుక్కునేవారు, మరీ వేడిగా ఉన్నా అతని మీదే విసుక్కునేవారు. అలిగితే వారం మాట్లాడరు. ఆమె నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన గురువూ కాదు. నేను స్కూల్లో టీచర్ని, ఆమె మండల ఆఫీసులో అధికారి. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం మేమంతా ఆమె చేతి కిందికి వచ్చేవాళ్లం.

ఆమెను నేను మొదటిసారి దగ్గర్నుంచి చూసింది ఇదే గదిలో, ఇదే పని మీద, రెండు ఎన్నికల కిందట. అప్పుడు మూలకు ఒక బెంచీ, దాని చుట్టూ అట్టపెట్టెల అడ్డం, లోపల దారంతో కట్టిన ఒక పెన్ను ఉండేవి. మా మండలంలోకెల్లా సీనియర్ హెడ్మాస్టర్ గారు లోపలికి వెళ్లి, చాలాసేపు ఉండి, తల బయట పెట్టి అడిగారు.

"మేడం, సంతకం చేసిన. తారీఖు గూడ ఎయ్యాల్నా?"

"ఎక్కడ చేసిన్రు సార్?"

"ఓటు కాగితం మీద. కింద జెర జాగ ఉన్నది."

మేడం నుదురు పట్టుకున్నారు. "సార్, ఓటు మీద సంతకం పెట్టినంక ఇగ అది చెల్లదు. ఎవరేసిన్రో తెలిసిపోతది గదా."

"సంతకం లేకుంటే ఏ కాగితం చెల్లుతదమ్మా?" అన్నారాయన అమాయకంగా. ఊరందరికీ ఓటు వేయడం నేర్పే మనిషి. మేమంతా నవ్వాం. మేడం మాత్రం నవ్వలేదు.

"నవ్వకున్రి. నా మొదటి పోస్టల్ ఓటు మీద నేను గూడ సంతకం చేసిన. ఆఫీసు ముద్ర గూడ కొడుతుంటినేమో, డ్రాయర్ తాళం దొరకలే."

సర్కారు నౌకరీ చేసేవాళ్లకే ఇలాంటి పొరపాటు దొర్లుతుంది. ఏళ్ల తరబడి కనిపించిన ప్రతి కాగితం కింద సంతకం పెట్టిన చెయ్యి, పెన్ను దొరికితే ఊరుకోదు. తర్వాత నా వంతు వచ్చింది. లోపలికి వెళ్లి, దారంతో కట్టిన ఆ పెన్నుతోనే నాకు నచ్చిన గుర్తు మీద టిక్కు పెట్టి, మడిచి, కవర్లో వేసి అతికించాను. సంతకం పెట్టనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ టిక్కు సంతకం కంటే పెద్ద గొంతుతో నా పేరు చెబుతుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ఏడు మా ఊళ్లో సర్పంచ్‌గా నిలబడ్డది మా ఆయనకు సొంత బాబాయి నర్సింలు, అంటే నాకు చిన్నమామ. ఆయన గుర్తు కత్తెర. ఎదుటి మనిషి గుర్తు ఉంగరం. మా బోరు నీళ్లతో అన్నం వండితే పచ్చబారేది. ఫ్యాక్టరీల పక్కన వాగు నీళ్లు, బోరు నీళ్లు ఎందుకు ఇలా అయ్యాయని ఆ ఎదుటి మనిషి నోరు తెరిచి అడిగేవాడు. మా చిన్నమామ అడిగేవారు కాదు. ఆయన చెడ్డవారు కాదు, అడగడం ఆయన స్వభావంలో లేదు, అంతే. రోజూ ఆ నీళ్లు వంచేదాన్ని నేను కాబట్టి ఉంగరానికి వేశాను. ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. ఇంటి కోడలు ఇంటి మనిషికే వేస్తుందని అనుకుంటే ఇక అడిగేదేముంది.

మా ఊరి నుంచి వచ్చిన పోస్టల్ ఓటు ఒకే ఒక్కటి, అది నాది. నేను ఎక్కడో ఇంకో ఊరి బడిలో డ్యూటీలో ఉండగా, మా ఊళ్లో ఆ మధ్యాహ్నమే లెక్కింపు మొదలుపెడుతూ ముందుగా ఆ కవరే చించారు. కాగితం విప్పి ఏజెంట్లందరికీ చూపించారు. బాక్సుల్లో పడ్డ ఓట్లన్నిటి మీదా ఊదారంగు ముద్ర ఉంటుంది, దీని మీద మాత్రం ఉంగరం మీద నీలం టిక్కు. చిన్నమామ చాలా కొద్ది ఓట్లతో ఓడిపోయారు. సాయంత్రం నేను సామాను అప్పజెప్పి ఇల్లు చేరేసరికి మా వీధిలో ఎవరూ నన్ను పలకరించలేదు.

"నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి," అన్నాడు మా ఆయన.

చిన్నమామ మా ఇంటికి రావడం మానేశారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత వాళ్లమ్మాయి పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లి పిలుపంటే కార్డు ఒక్కటే కాదు, ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలవాలి. చిన్నత్త కుంకుమ గిన్నె పట్టుకుని మా పక్కింటికి వచ్చింది. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ఆమె మా గడప ముందు నుంచే నడిచి ఎదురింటికి వెళ్లింది. కార్డు మాత్రం మా ఆయనకు బజార్లో ఇచ్చారట. నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి కోపం వచ్చింది. నేను ఎవరి సొమ్మూ తినలేదు. నాది అని చెప్పుకోవడానికి ఉన్న ఒక్క ఓటు నాకు తోచినట్టు వేసుకున్నాను, అంతే. పెళ్లికి మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు.

తర్వాత ఏదో పని మీద మండల ఆఫీసుకు వెళితే మేడం నా ముఖం చూసి "ఏంది, గట్లున్నవ్?" అని అడిగారు. చెప్పేశాను. ఓదారుస్తారేమో అనుకున్నాను. ఆమె టిఫిన్ డబ్బా మూసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"నువ్వు పరేషాన్ కాకు. తప్పు నీది గాదు, మాది. ఒక్కో ఊరి నుంచి ఒక్కటే ఓటొస్తదని మాకు తెల్వదా? ఒక్కటే ఉంటే, దాన్ని విడిగ ఇప్పితే, అది రహస్యమెట్లయితది? పైగ పెన్నుతోని గీత. గిది మార్చాలె."

"ఎట్ల మారుస్తరు మేడం? పెద్దోళ్లు వినాలె గదా."

"వినకుంటే ఇంకోపారి చెప్త. నాకు ఇంకేం పనున్నది?" అన్నారు. పని లేకపోవడమేమిటి, బల్ల మీద ఫైళ్లు గడ్డం దాకా ఉన్నాయి.

ఆమె పై ఆఫీసుకు రాశారు. జవాబు రాలేదు. మళ్లీ రాశారు. ఈలోగా అక్కడి అధికారి మారారు. కొత్తాయనకు మొదటి నుంచి రాశారు. ఎన్నికలు అయిపోయాక ఎన్నికల సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆమెకు ఉంది. నేను కనిపించినప్పుడల్లా "నీ కేసు నడుస్తున్నది" అనేవారు. నేనేదో కోర్టుకెక్కినట్టు చుట్టూ ఉన్న గుమస్తాలు నన్ను వింతగా చూసేవాళ్లు. మళ్లీ ఎన్నికల గాలి మొదలవుతుండగా ఒకరోజు ఫోన్ చేసి, "సెలవు పెట్టు. సంగారెడ్డి పోదాం" అన్నారు.

బస్సులో జిల్లా ఆఫీసుకు వెళ్లాం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిన దాకా వరండా బెంచీ మీద కూర్చున్నాం. మేడం జొన్నరొట్టె తుంచి సగం నాకు పెట్టారు. చివరికి లోపలికి పిలిచిన అధికారి కుర్రవాడు, బాగా అలసిపోయి ఉన్నాడు. అంతా విని అన్నాడు.

"మేడం, ఒక్క ఓటు కోసం ఇంత దూరం వచ్చారా?"

"ఒక్కటే ఉన్నది గనుకనే వచ్చిన సార్. వెయ్యి ఉంటే నాకేం పరేషాన్?"

"పోస్టల్ ఓటు పెన్నుతో వేయొచ్చని ఉంది కదా."

"వెయ్యొచ్చని ఉన్నది సార్. పెన్నుతోనే వెయ్యాలని ఉన్నదా? జెర సూడున్రి."

అతను పుస్తకం తెప్పించి చదివాడు. అలా ఎక్కడా లేదు. అప్పుడు మేడం సంచిలోంచి మడిచిన కాగితాలు గుప్పెడు తీశారు. అన్నిటి మీదా ఆఫీసు ముద్ర ఒక్కటే వేసుకొచ్చారు, మడత కూడా ఒకే తీరు. ఇంకో కాగితాన్ని అక్కడే నా చేతికిచ్చి అదే ముద్ర కొట్టించి, మడిపించి, కవర్లో పెట్టించారు. కవరు చించి, మడత విప్పకుండా దాన్ని మిగతా వాటిలో పడేసి రెండు చేతులతో కలిపారు.

"సార్, ఇందుల ఈ సుజాత ఓటు ఏదో తీయున్రి."

అతను సరదాగానే వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి తీశాడు, విప్పాడు, తల అడ్డంగా ఊపాడు. ఇంకొకటి తీశాడు. కాసేపటికి అతని ముఖంలో సరదా పోయింది. కాగితాలు దగ్గరికి తోసి, "సరే, మీ మండలంలో చేసి చూడండి. అభ్యర్థులను పిలిచి ముందే చెప్పండి, తర్వాత గొడవ రాకూడదు" అన్నాడు. మేడం కాగితాలన్నీ ఏరి సంచిలో వేసుకున్నారు. బయటికొచ్చాక మిర్చి బజ్జీలు కొనిపెట్టి, నేను తినకముందే నా పొట్లంలోంచీ ఒకటి తీసుకున్నారు.

అభ్యర్థులను పిలిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, సామాను సర్దడానికి. చిన్నమామ ఆసారి కూడా పోటీలో ఉన్నారు. ముందు వరసలో కూర్చున్నారు. మేడం పద్ధతి అంతా చెప్పాక ఆయనే లేచారు.

"మేడం, కలిపినంక గోల్‌మాల్ అయితే ఎవరు జిమ్మేదార్?"

"నేనే. ఎన్ని కవర్లొచ్చినయో మీ ముంగటనే లెక్కపెడ్తం. డిక్లరేషన్ మీకు సూపిస్తం. ఓటు మడత ఒక్కటి ఇప్పకుంట బాక్సు ఓట్లల్ల కలుపుతం. లెక్క తప్పితే నన్ను అడుగున్రి."

"గట్లయితే ఎవరికేసిన్రో మాకెట్ల తెలుస్తది?"

"ఎందుకు తెల్వాలె?"

ఆమె గొంతు పెంచలేదు. నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఆయన వైపే చూస్తూ నిలబడ్డారు. చిన్నమామ వెనక్కి తిరిగి చూశారు. అక్కడ నేనున్నాను. ఆయన కూర్చున్నారు.

అలా ఈ గదిలోంచి పెన్ను పోయింది. డిక్లరేషన్ మీద సంతకం బయటి బల్ల దగ్గర. సంతకం అయ్యాక జేబులో పెన్నుతో సహా ఏ పెన్నూ లోపలికి పోకూడదు. లోపల ఊరందరూ వాడే ముద్రే ఉంటుంది, అదే సిరా ఉంటుంది. హెడ్మాస్టర్ గారు జేబులోంచి మూడు పెన్నులు తీసి బల్ల మీద పెడుతూ "నా ఆయుధాలన్నీ గుంజుకుంటున్నరు" అన్నారు. ఆయన ఓటు మీద ఆసారి సంతకం పడలేదు.

చిన్నమామ గెలిచారు. అదీ కొద్ది ఓట్లతోనే. మర్నాడు పూలదండ వాడకముందే మా ఇంటికి వచ్చారు. ఆ టిక్కు తర్వాత ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి అడిగారు.

"కోడలా, ఈసారి ఓటేసినవా?"

"ఏసిన మామా."

"ఎవరికేసినవ్?"

ఆయన వెనక నిలబడ్డ మా ఆయన అవునను అవునను అని తల ఊపుతున్నాడు. ఒక్క మాట చాలు. బొట్టు గిన్నె మళ్లీ మా గడప దగ్గర ఆగుతుంది. ఆ మాట నిజమో కాదో తేల్చగలిగే మనిషి భూమ్మీద లేడు.

"ఏసిన మామా," అన్నాను మళ్లీ.

ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయారు. "నీకేసిన అంటే నీ సొమ్మేం పోతుండె? ఇయ్యాల్టితోని అంతా సాఫ్ అయిపోతుండె," అని మా ఆయన రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. నాకూ దిగులేసింది. మేడం దగ్గరికి వెళ్లి, చెబితే ఏమవుతుందని అడిగాను. చెప్పమంటే చెప్పేద్దామనే ఆశతోనే వెళ్లాను.

"చెప్తే మంచిగనే అయితది, ఇయ్యాల," అన్నారామె. "వచ్చేసారి చెప్పబుద్ధి కాకుంటే ఏం జేస్తవ్? చెప్పకపోవుడే జవాబైతది. అది నీ ఒక్కదాంతోని ఆగుతదా? రేపు ఇంకో కోడలు పోస్టల్ ఓటేస్తది. సుజాత చెప్పింది గదా, నువ్వెందుకు చెప్పవని ఆమెను పట్టుకుంటరు. మనం పెన్ను తీసేసింది ఎందుకు మల్ల?"

అంతే. నేను చెప్పలేదు. ఆ రెండోసారి ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను. చిన్నమామతో మాటలు మెల్లమెల్లగా కలిశాయి. పూర్తిగా కలిశాయని అనను, పండుగకూ పబ్బానికీ సరిపోయేంత కలిశాయి.

రజియా మేడం తన మాట తాను కూడా పాటించేవారు. ఆమె భర్త పటాన్‌చెరులో టైలర్. ఒకసారి వాళ్లింటికి వెళితే, "ముప్పై ఏండ్ల సంసారం. ఈమెకు ఏ కూర ఇష్టమో తెలుసు, ఎవరి మీద కోపమో తెలుసు. ఎవరికి ఓటేస్తదో అల్లాకే తెలుసు," అని నవ్వాడాయన. మేడం టీ కప్పులు ఇస్తూ, "ఆయనకు గూడ నేను చెప్పలే," అన్నారు.

ఆమె ఇంతటితో తృప్తి పడి ఉంటే ఆమె రజియా మేడం ఎందుకవుతారు. ఆటోలో తనతో వచ్చే షిఫ్ట్ కుర్రాళ్లు ఓటు వేయలేకపోవడం ఆమెకు చివరి దాకా పంటికింద రాయి. బొల్లారం మందుల ఫ్యాక్టరీల్లో పొద్దున షిఫ్ట్ ఎక్కితే, తర్వాతి మనిషి వచ్చి పని అందుకునే దాకా కదలడానికి లేదు. పంచాయతీ పోలింగేమో మధ్యాహ్నానికే అయిపోతుంది. ఆ రోజు సెలవంటారు, మందు ఉడుకుతున్న రియాక్టర్‌కు సెలవెవరిస్తారు? "నేను డ్యూటీల ఉంటే నాకు పోస్టల్ ఓటు. గీళ్లది డ్యూటీ గాదా?" అని ఆమె అడగని అధికారి లేడు. కొన్ని ఫ్యాక్టరీలకు తనే వెళ్లి, ముందుగా ఓటేసిన తర్వాతి షిఫ్ట్ వాళ్లను తొందరగా పిలిపించి పొద్దుటి షిఫ్ట్ వాళ్లను ఓటుకు వదలమని ఒప్పించారు. ఒప్పుకున్నవి తక్కువ. రిటైరయ్యాక కూడా అదే రాస్తూ ఉండేవారు. పోయినేడు ఆమె చనిపోయారు. ఆ ఉత్తరం ఇప్పుడు నేను రాస్తున్నాను. జవాబు రాలేదు. అధికారి మారారని తెలిసింది, మళ్లీ మొదటి నుంచి రాస్తాను.

ఆ ఉదయం స్టాంప్ ప్యాడ్ తడి చూసి పెట్టాక ఒక్కొక్కరే రావడం మొదలైంది. కాసేపటికి లావణ్య వచ్చింది. చిన్నమామ కొడుకు భార్య, నాకు తోడికోడలు. ఈమధ్యే టీచర్ ఉద్యోగం వచ్చింది, మొదటి ఎన్నికల డ్యూటీ. చిన్నమామ మళ్లీ పోటీలో ఉన్నారు. నాకు ఈసారి ఈ బల్ల దగ్గరే పని కాబట్టి, పోలింగ్ రోజున మా ఊరికే పోయి వేస్తాను. అంటే మా ఊరి నుంచి పోస్టల్ ఓటు లావణ్యది ఒక్కటే. ఆమెను స్కూటర్ మీద తీసుకొచ్చింది చిన్నమామే. గేటు దగ్గర హెల్మెట్ తీయకుండా కూర్చుని ఉన్నారు.

లావణ్య డిక్లరేషన్ మీద సంతకం చేసింది.

"అక్కా, నాదొక్కటేనట గదా. బయటపడదా?"

"పడదు. పెన్ను ఇక్కడ పెట్టి లోపలికి పో."

పెన్ను నా ముందు పెట్టి వెళ్లింది. అట్టల వెనక నుంచి ముద్ర పడిన చప్పుడు వినిపించింది. కవరు అతికించి తెచ్చి పెట్టెలో వేసింది. వేలికి ఊదారంగు అంటుకుని ఉంది. వెళ్లకుండా నిలబడి, ఎవరూ లేరని చూసుకుని, నా మీదకు వంగింది.

"అక్కా, నీ ఒక్కదానికే చెప్త. నేను..."

"లావణ్యా, నీ పెన్ను తీసుకుపో," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. పెన్ను తీసుకుని, కొంగు సర్దుకుని వెళ్లింది. కిటికీ రెక్క కొంచెం తెరిచాను. చిన్నమామ స్కూటర్ స్టార్ట్ చేస్తూ అడగడం వినిపించింది.

"అయిందా బిడ్డా? ఎవరికేసినవ్?"

లావణ్య వెనక సీటు మీద కూర్చుని హ్యాండ్‌బ్యాగు ఒళ్లో సర్దుకుంది.

"ఏసిన మామా," అంది.